హెబ్రోను గారు చూసిన ఓడలు

ప్లాసీ యుద్ధం జరిగిన రోజు వాన పడింది. ఆ వానలో ఫిరంగిని లాగే ఎద్దుల పక్కన నిలబడ్డ మనిషికి ఏం కనిపించి ఉంటుంది? మా కాలేజీలో బి.ఏ. చదివే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిందే. హెబ్రోను గారు చరిత్ర చెప్పే పద్ధతి అది. ఒక పిల్లవాణ్ణి లేపి బల్ల ముందు నిలబెట్టేవారు. నువ్వు ఆ రోజు అక్కడున్నావు, చూసింది చెప్పు అనేవారు. మిగతా పిల్లలు వాణ్ణి ప్రశ్నలు అడగాలి.

నేను ఆ కాలేజీలోనే భౌతికశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుని. మా ప్రయోగశాలకీ ఆయన క్లాసుకీ మధ్య గోడ లేదు, చెక్క తడిక మాత్రమే. కాబట్టి నేను లోలకాలు ఊపుకుంటూ ప్రపంచ యుద్ధాలన్నీ విన్నాను.

"యాభై వేల సైన్యం సార్," అన్నాడు ఒకరోజు హజరత్తయ్య అనే పిల్లవాడు.

"నువ్వు లెక్కపెట్టినావా?"

"పుస్తకంలో ఉండాది సార్."

"ఆ పుస్తకం అప్పటికింకా అచ్చు కాలేదు గదా. నువ్వు ఎద్దుల కాడ నిలబడి ఉండావు. అక్కణ్ణించి నీకేం కనపడుద్ది?"

"ఎద్దు తోక సార్."

క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "అదీ మాట. ఆ తోక కాణ్ణించి మొదలుపెట్టు," అన్నారు.

ఎక్కడ నిలబడ్డావు, ఎంత దూరం, ఎండ ఎటు నుంచి పడుతోంది, నువ్వు చూశావా లేక విన్నావా: ఈ నాలుగు ప్రశ్నలూ నల్లబల్ల మూల ఏడాది పొడుగునా చెరగకుండా ఉండేవి. పిల్లలు ఆయనకు పోలీసు మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆయనకు ఆ సంగతి తెలుసు.

ఇది మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు. సంతపేటలో ఎస్తేరమ్మ గారి ఇంటి ముందు గదిలో ఆయన, వెనక భాగంలో మేము ఉండేవాళ్ళం. మేమంటే నేనూ, మా పాపా. మావారికి గూడూరు రైల్వేలో ఉద్యోగం. సెలవు దొరికిన రోజు వచ్చేవారు. నేను కాలేజీకి వెళితే ఎస్తేరమ్మ గారు పాపను చూసుకునేది. పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. ఏ కాస్త ఒళ్ళు వెచ్చబడినా ప్రయోగశాల గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

హెబ్రోను గారి గదిలో మంచం, పుస్తకాలు, ఒక స్టవ్వు తప్ప ఏమీ లేవు. ఆదివారం చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకముందే లేచి వచ్చేవారు. కాలేజీలో అందరం కలిసి మైపాడు సముద్రానికి వెళ్ళినప్పుడు ఆయన రాలేదు. ఏ ఏడూ రారని మిగతావాళ్ళు చెప్పారు. పాపను ఎప్పుడూ ఎత్తుకోలేదు. కాని రోజూ మధ్యాహ్నం గుమ్మం అవతలే నిలబడి, "పాప నీళ్ళు తాగిందా అమ్మా?" అని అడిగేవారు. తాగింది అనేదాకా కదిలేవారు కాదు. పిల్లలు లేని మనిషి కదా, ముచ్చట పడుతున్నారు అనుకునేదాన్ని.

ఆయన గదికి వచ్చేవాడు ఒక్కడే ఉండేవాడు. పేరు ముత్యాలయ్య. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఉన్న దిబ్బపాళెం నుంచి వచ్చాడు. చేపలు పట్టుకుని బతికే ఊరు. ఆ ఊరి నుంచి కాలేజీ దాకా వచ్చినవాడు అతనే మొదలు. శనివారం వచ్చి పుస్తకం తిరిగి ఇచ్చేవాడు, ఇంకోటి తీసుకునేవాడు. ఆ మధ్యలో ఇద్దరూ గంటసేపు వాదించుకునేవారు. నెపోలియను మంచులోకి ఎందుకు వెళ్ళాడని వాదన.

"తిండి లేకుండా పోయినాడు సార్, అంతే. మా వాళ్ళు తెప్ప నీళ్ళలోకి దించేముందు కుండ చూసుకుంటారు."

"చక్రవర్తిగదరా, కుండ చూసుకునేదానికి వేరే వాళ్ళుంటారు."

"అదే సార్ చెడింది."

అప్పుడు మాత్రం ఆయన నవ్వు వినిపించేది. వారం మొత్తంలో ఆ గది నుంచి మాటలు వినిపించేది ఆ గంటే.

అరవై రెండు చివర్లో చైనాతో యుద్ధం వచ్చింది. ఆగిపోయింది కూడా. పిల్లలకు ఉన్నట్టుండి యుద్ధాల మీద ఆసక్తి పుట్టింది. పాత యుద్ధాలు వద్దు, మొన్నటివి చెప్పండి సార్ అన్నారు. ఆయన, "మొన్నటివి నేనెందుకు చెప్పాలి? మీ ఇళ్ళల్లో చూసినోళ్ళు ఉండారు. రెండో ప్రపంచ యుద్ధంలో మీ ఊళ్ళో ఎవరు ఏం చూసినారో అడిగి రండి," అని పంపారు.

ఫిబ్రవరిలో ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. కొడవలూరు పిల్లవాడు వాళ్ళ తాత బర్మా నుంచి నడిచి వచ్చిన సంగతి చెప్పాడు. హజరత్తయ్య వాళ్ళ ఇంట్లో కిరసనాయిలు దొరక్క ఆముదం దీపం పెట్టుకున్న సంగతి చెప్పాడు. మూడోరోజు ముత్యాలయ్య లేచాడు. నేను తడిక ఇవతల సూక్ష్మదర్శిని తుడుస్తున్నాను.

"మా ఊళ్ళో యుద్ధం రాలేదు సార్. వచ్చిందనుకొని మా ఊరు పరిగెత్తింది," అని మొదలుపెట్టాడు. "నలభై రెండు ఈస్టరు మర్నాడు విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపానోళ్ళు బాంబులేసినారు గదా. ఆ వారంలోనే. మా ఊళ్ళో మిషను బడి అయ్యోరు ఒకాయన ఉండేవాడంట. సర్కారోళ్ళు ఆయనకి ఓడల బొమ్మలుండే అట్ట ఇచ్చి, సముద్రం చూస్తా ఉండు, ఇట్లాంటివి కనపడితే చెప్పు అన్నారంట. ఒకరోజు పొద్దున ఆయన అరుచుకుంటా వచ్చినాడు, ఓడలు వచ్చేసినాయి, పారిపోండి అని. మొగోళ్ళంతా వేటకి పోయుండారు. ఆడోళ్ళు, ముసిలోళ్ళు, పిల్లోళ్ళు సరస్సులో పడి అవతలి గట్టుకి పోయినారు. ఉన్న రెండు నావల్లో ముసిలోళ్ళు ఎక్కినారు. మిగతా వాళ్ళు బురదలో, ఎండలో నడిచినారు, రెండు మైళ్ళు. సాయంత్రానికి మొగోళ్ళు తెప్పలేసుకొని ఊళ్ళోకొచ్చి, మనుషులేరీ అని వెతుక్కున్నారంట."

పిల్లలు నవ్వారు.

"ఓడలు?" అన్నాడు ఎవరో.

"లేవు. ఒక్కటి గూడా రాలేదు."

"ఆ అయ్యోరు పొద్దున్నే తాటితోపుకి పోయొచ్చుంటాడు," అన్నాడు హజరత్తయ్య. మళ్ళీ నవ్వు.

ముత్యాలయ్య నవ్వు ఆగేదాకా చూశాడు. "మా అమ్మ ఎత్తుకొని నడిచిన బిడ్డ గట్టు చేరేలోపల ఎండదెబ్బకి చచ్చిపోయింది. తొమ్మిది నెలల బిడ్డ. నాకంటే ముందు పుట్టిన అక్క," అన్నాడు.

తరవాత హెబ్రోను గారి గొంతు వినిపించింది, అది ఆయన గొంతేనా అనిపించేంత సన్నగా.

"ఆ అయ్యవారు ఏమైనాడు?"

"చచ్చిపోయినాడంటారు సార్. ఆ రోజు పోయినోడు మళ్ళా రాలేదు."

గంట కొట్టారు. ఆయన ఆ రోజు నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

మధ్యాహ్నం ప్రయోగశాలకు వచ్చారు. ఎప్పుడూ లోపలికి రాని మనిషి. పిల్లల స్టూలు మీద కూర్చుని, "అమ్మా, నీ సైన్సులో ఒక సంగతి అడగాలి," అన్నారు. "ఏప్రిల్ నెల. పొద్దున తొమ్మిదిన్నర. ఒక మనిషి సముద్రం ఒడ్డున నిలబడి ఉండాడు. వీపు మీద పడమటి నుంచి వేడిగాలి. దూరంగా, నీళ్ళ చివర, ఏడు ఓడలు. నల్లగా, నిలువుగా, అంతస్తులున్నట్టు. పొగగొట్టాలున్నట్టు. నీళ్ళకి పైన తేలినట్టు. అతనికి జబ్బు లేదు. తాగలేదు. కాసేపటికి అవి లేవు. ఇది జరిగేదేనా, లేకుంటే భయానికి పుట్టిందా?"

అతనెవరో నాకు అప్పుడే అర్థమైంది. ఎందుకు పాప నీళ్ళు తాగిందా అని అడుగుతున్నారో కూడా. కాని ఆయన ముఖం చూసి, అడిగిన దానికే జవాబు చెప్పాను. జరిగేదేనని చెప్పాను. కింద నీళ్ళ మీద గాలి చల్లగా, పైన నేల నుంచి వచ్చిన గాలి వేడిగా ఉంటే వెలుగు తిన్నగా రాదు, వంగుతుంది. దూరంగా ఉన్న చిన్న వస్తువు లేచినట్టు, నిలువునా సాగినట్టు కనిపిస్తుంది.

"చూపించగలవా?"

రెండు రోజులు పట్టింది. గాజు తొట్టెలో అడుగున చిక్కటి ఉప్పునీళ్ళు పోసి, పైన మంచినీళ్ళు కదలకుండా వదిలి, రెండూ మెల్లగా కలిసేదాకా అలాగే ఉంచాను. తొట్టెకు అవతల ఒక అట్టముక్క నిలబెట్టాను. దాని మీద వేలెడు తెప్ప, చిన్న తెరచాప గీశాను. ఆయన వంగి, ఒక కన్ను మూసుకుని, నీళ్ళలోంచి చూశారు. తల కాస్త పైకి, కాస్త కిందికి కదిపారు. ఒకచోట ఆగిపోయారు.

"లేచింది," అన్నారు.

చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. నేను కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. తరవాత ఆయన లేచి, మోకాలు దులుపుకుని, "అయితే నేను అబద్ధం చెప్పలేదు," అన్నారు.

"లేదు సార్. మీరు చూశారు."

"చూసినాను. ఒడ్డున ముప్పై మంది ఆడవాళ్ళు ఉండారమ్మా. సముద్రం కాడ పుట్టి పెరిగినోళ్ళు. నేను కోవూరు వరిచేలల్లో పుట్టినాను. వాళ్ళకి అట్ట చూపించి పరిగెత్తమన్నానే గాని, అవేందని ఒక్కరినీ అడగలేదు. మర్నాడు ఆ బిడ్డ సంగతి తెలిసింది. నేను ఊళ్ళోకి పోలేదు. సూళ్ళూరుపేటలో రైలెక్కినాను."

"ముత్యాలయ్యకు చెబుతారా?"

"చెబితే శనివారం రాడు," అన్నారు ఆయన. చెప్పవలసిన అవసరం లేదని నేను అనలేకపోయాను. అనాలని మాత్రం ఉండింది. వారమంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిపే మనిషిని చూస్తూ ఉంటే ఎవరికైనా ఉంటుంది.

సోమవారం నాడు ఆయన తన కుర్చీలో కూర్చోలేదు. పిల్లల్ని నిలబెట్టే చోట, బల్ల ముందు, తానే నిలబడ్డారు. "ఇవ్వాళ సాక్షిని నేను. దిబ్బపాళెం. నలభై రెండు ఏప్రిల్. ముత్యాలయ్య చెప్పిన అయ్యోరు చచ్చిపోలేదు. నేనే. అడగండి," అన్నారు.

ఎవరూ అడగలేదు. తడిక సందులోంచి నేను చూశాను. హజరత్తయ్య తల వంచుకుని బల్ల గీరుతున్నాడు. ఆయన తనంతట తానే చెప్పారు. ఎక్కడ నిలబడిందీ, ఎండ ఎటున్నదీ, ఎంత దూరమో తెలియకుండానే సర్కారుకు పది మైళ్ళని ఎలా రాసిందీ, తరవాత ఎలా వెళ్ళిపోయిందీ. వెలుగు వంగిన సంగతి మాత్రం చెప్పలేదు.

ముత్యాలయ్య లేచాడు. "రెండేళ్ళుగా మీ గదికొస్తా ఉండా," అన్నాడు.

"అవును."

"మాది దిబ్బపాళెం అని మొదటిరోజే చెప్పినా."

"చెప్పినావు."

"మీకు మా అమ్మ పేరు గూడా తెలుసా సార్?"

"పేరమ్మ," అన్నారు హెబ్రోను గారు. "ఆ బిడ్డ ఎవరి బిడ్డో మర్నాడే తెలిసింది. నువ్వు చేరిన రోజు కాగితంలో తల్లి పేరు చూసినాను."

ముత్యాలయ్య పుస్తకాలు బల్ల మీదే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

మూడు వారాలు అతను రాలేదు. హాస్టల్లో కూడా లేడు, ఊరికి పోయాడన్నారు. హాజరు పిలిచేటప్పుడు ఆయన అతని నంబరు చదివి, ఎవరూ పలకరని తెలిసీ ఒక్క క్షణం ఆగేవారు. మిగతా పిల్లలు మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాదే భరించలేకుండా ఉండేది. ఎవరూ ఎదురు మాట్లాడటం లేదు, ఎద్దు తోక అనేవాడు లేడు. ఆయన చెబుతుంటే రాసుకుంటున్నారు, అంతే. శనివారాలు ముందు గది తలుపు తెరిచి ఉండేది. ఆయన మంచం మీద కూర్చుని పుస్తకం పట్టుకుని ఉండేవారు. నేను నీళ్ళకు పోతూ చూస్తే ఏ పేజీ ఉందో, వస్తూ చూస్తే అదే పేజీ. నేను పాపను చంకనేసుకుని పలకరించబోతే, "ఎండలో తిప్పబాకమ్మా," అని మాత్రం అనేవారు.

మార్చి నడుమ ఒక శనివారం ముత్యాలయ్య వచ్చాడు. లోపలికి రాలేదు, వీధిలోనే నిలబడ్డాడు.

"అమ్మ రమ్మంటాంది," అన్నాడు. "వస్తారా, మళ్ళా రైలెక్కి ఎటన్నా పోతారా?"

"వస్తాను," అన్నారు ఆయన. తరవాత నా వైపు తిరిగారు. "నువ్వు కూడా రామ్మా. వెలుగు సంగతి ఆమెకు తెలియాలి గదా. నేను చెబితే తప్పించుకునేదానికి చెప్పినట్టుంటుంది."

పాప పుట్టాక నేను ఒక్క రోజు కూడా దాన్ని విడిచి అంత దూరం వెళ్ళలేదు. మర్నాడు ఆదివారం, మావారు ఇంటి దగ్గరే ఉన్నారు. అయినా పాలు కాచే వేళలు, గుడ్డలు ఉన్న చోటు, జ్వరం మందు కొలత, అన్నీ కాగితం మీద రాసి గోడకు అతికించాను. ఎస్తేరమ్మ గారు అది చూసి, "పోమ్మా పో. అయిదుగుర్ని పెంచినా. ఈ ఒక్కదాన్ని ఒక పూట బతికించలేనా?" అంది. ఆ మాట సరదాగానే అన్నది. రైల్లో దారంతా నాకు అదే వినిపించింది.

సూళ్ళూరుపేటలో దిగి, జట్కాలో సరస్సు గట్టుకు వెళ్ళాం. అక్కడ ముత్యాలయ్య నావ ఉంచాడు. తనే గెడ వేశాడు. హెబ్రోను గారు నావ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నారు. నీళ్ళు మోకాటి లోతుకు మించి లేవు, కింద నల్ల బురద కనిపిస్తోంది. అప్పటికే ఎండ మాడ్చేస్తోంది. నేను చెంగు తల మీద కప్పుకుని, ఒక ఆడమనిషి ఈ బురదలో చంటిబిడ్డతో రెండు మైళ్ళు నడవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేయబోయి మానుకున్నాను.

పేరమ్మ ఇసుక మీద చేపలు ఆరబోస్తోంది. నలభై ఏళ్ళ మనిషి, గట్టిగా ఉంది. చేతికర్రతో కాకుల్ని తోలుతూ మేము దగ్గరికి వచ్చేదాకా చూసింది.

"నువ్వేనా అయ్యోరివి?"

"నేనే పేరమ్మా."

"పుల్లలాగుండేవాడివి. లావైనావు." చేతికర్ర కింద పెట్టింది. "చచ్చిపోయినావన్నారు."

"లేదు."

"మరి యాడుండావు ఇన్నేళ్ళు?"

"నెల్లూర్లో."

"నెల్లూర్లోనా!" ఆమె ముఖంలో మొదటిసారి కోపం కనిపించింది. "నేను ఏ రంగూన్లోనో ఉండావనుకున్నా. రైలెక్కితే ఒక పూట. ఒక పూట దూరంలో ఉండి రాలేదా?"

"భయపడినాను," అన్నారు ఆయన.

నన్ను చూపించి, ఈమె సైన్సు చదివిన మనిషి, ఒక సంగతి చెబుతుంది అన్నారు. నేను మొదలుపెట్టాను. వేడిగాలి, చల్లగాలి, వెలుగు వంగడం. తొట్టెలో చేసిన ప్రయోగం సంగతి కూడా చెప్పబోయాను. ఆమె నా మాటకు అడ్డం వచ్చింది.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? తెప్పలు లేచేది గురించా? అది మాకు తెలీదా? ఎండాకాలం పొద్దున పడమటిగాలి కొడితే మా తెప్పలు తాటిచెట్లంత లేస్తాయి. ఈ పాళెంలో పాలుతాగే పిల్లోణ్ణి అడుగు, చెప్తాడు."

హెబ్రోను గారు ఆమె వైపు చూస్తూ నిలబడిపోయారు.

"దానికే నిన్ను పిలిచినా అయ్యోరా," అంది ఆమె. "ఆ రోజు నేను గూడా చూసినా. అవి ఓడలు కాదు, మా వాళ్ళ తెప్పలు. నాకు తెలుసు."

ముత్యాలయ్య చప్పున తల తిప్పాడు. ఈ మాట అతనికీ కొత్తదని తెలిసిపోయింది.

"నా మీద జాలితో అంటున్నావు పేరమ్మా," అన్నారు ఆయన.

"జాలా? నీ మీదా?"

ఆయన అప్పుడు అడగడం మొదలుపెట్టారు. ఆ గొంతు నాకు తడిక ఇవతల నుంచి తెలిసిన గొంతే.

"ఎక్కడ నిలబడ్డావు?"

"ఇదో, ఈ దిబ్బ మీద. చేపల పందిరి కాడ. నువ్వు కిందుండావు, తడి ఇసుక మీద."

"ఎండ?"

"ముందునుంచి. ఇంకా నెత్తి మీదికి రాలా."

"ఎన్ని?"

"ఏడు. వేటకి పోయింది ఏడే. మా ఆయన తెప్ప కుడిపక్క చివర్న. తెరచాపకి పైన నీలంగుడ్డ మాసిక, నేనే కుట్టినా. చాప అంత పొడుగున సాగినా ఆ నీలం కనపడతానే ఉండాది."

ఆయన అడగడానికి ఒక్కటే మిగిలింది. "మరి ఎందుకు పరిగెత్తినావు?" అన్నారు.

ఒక కాకి వచ్చి చేప ఎత్తుకుపోయింది, పేరమ్మ తోలలేదు.

"నీ చేతిలో ఆ అట్ట ఉండాది గదా. అచ్చేసిన బొమ్మలు. సర్కారోళ్ళు అచ్చేసినారన్నావు. మన తెప్పలే అత్తా అంటే మా అత్త నన్ను కసిరింది, అయ్యోరికంటే నీకెక్కువ తెలుసునా అని. నాకూ అనిపించింది, చదువుకున్నోడు చెప్తాండాడు, నా కళ్ళే తప్పేమోనని. ఆ నీలం మాసికని చూస్తా చూస్తానే బిడ్డనెత్తుకొని పరిగెత్తినా. నీళ్ళకుండ గూడా తీసుకోలా."

"తప్పు నాది," అన్నారు హెబ్రోను గారు. "నీది కాదు. నీకు అట్లా చెప్పింది నేను."

"నీదే. నేను కాదన్లా. నిన్ను ఊరికే వదిలిపెడతాననుకోబాక." ఆమె గొంతు పెద్దదయింది. "కాని మొత్తం నువ్వే ఎత్తుకొని పోతానంటే ఎట్లా? నేను చూసినా. చూసి గూడా నడిచినా. ఇరవై ఏళ్ళు నా మొగుడికి చెప్పలా, వీడికి చెప్పలా. ఎవరికన్నా చెప్తే, నీదేం తప్పులే అంటారు. నువ్వూ అదే అంటాండావు. నా వంతు నాకిచ్చెయ్ అయ్యోరా."

ఆయన రెండు చేతులూ ఇటూ అటూ వేలాడేసి ఎండలో నిలబడ్డారు. ఆ మనిషి ఇరవై ఒక్క ఏళ్ళుగా సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఒక్కదానికీ పనికిరాకుండా పోయాయి.

"నువ్వు పిల్లోళ్ళ చేత ఇట్లాంటివన్నీ రాయిస్తావంట. ముత్యాలు చెప్పినాడు," అంది పేరమ్మ. "రాస్తే నేను చూసినానని గూడా రాయి. అది లేకుండా రాయొద్దు." చేతికర్ర తీసుకుని కాకుల వైపు తిరిగింది. మమ్మల్ని కూర్చోమనలేదు, నీళ్ళు మాత్రం ముంతతో ఇచ్చి పంపింది. నాలుగు గంటల రైలుకు అందాలంటే మేము బయల్దేరాలి.

నావలో ఆయన నా దగ్గర కాగితం ఉందా అని అడిగారు. పాప మందుల లెక్క రాసుకునే చిన్న పుస్తకం ఇచ్చాను. మోకాలి మీద పెట్టుకుని రాశారు. తన సంగతి నాలుగు వాక్యాల్లో, ఆగకుండా వచ్చింది. అక్కడ ఆగిపోయారు. పెన్సిలు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నారు.

గెడ వేస్తున్న ముత్యాలయ్య వెనక్కి తిరగకుండానే, "రాయండి సార్," అన్నాడు. నెల తరవాత అతని నోట సార్ అన్న మాట రావడం అదే మొదలు. కోపం పోయిన గొంతు కాదు.

"మీ అమ్మ మీద రాయడానికి నా చెయ్యి రావడం లేదురా."

"ఆమె చెప్పమంది గదా. మా అమ్మ మాట మీరెందుకు కొట్టేస్తారు?"

ఆయన రాశారు. ఏడు తెప్పలు, కుడి చివర తెరచాపకు నీలం మాసిక, పందిరి దగ్గర నిలబడి పేరమ్మ చూసింది అని రాశారు. చదివి వినిపించారు. ముత్యాలయ్య విని ఒక చోట దిద్దించాడు, ఆ పందిరి అప్పుడు దిబ్బకు ఇంకా ఉత్తరంగా ఉండేదని ఇంట్లో విన్నానని. తరవాత ఆయన మరో పంక్తి మొదలుపెట్టి, "బిడ్డ పేరేంది?" అన్నారు.

"పెట్టలేదు సార్. ఏడాది నిండితే గాని మా ఇంట్లో పేరు పెట్టరు."

"మరి ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు?"

ముత్యాలయ్య గెడ ఆపాడు. "తెలీదు," అన్నాడు. "నేనెప్పుడూ అడగలా."

నావ నీళ్ళ మీద మెల్లగా పక్కకు తిరుగుతోంది. మేము సగం దూరం దాటాం. అవతలి గట్టు మీద జట్కా కనిపిస్తోంది.

"తిప్పు," అన్నారు హెబ్రోను గారు.

"రైలు పోద్ది సార్. తరవాతది చీకటి పడినాక గాని లేదు. ఈమెకి చంటిబిడ్డుండాది." ముత్యాలయ్య నా వైపు చూశాడు. ఆయన కూడా చూశారు.

ఇంటి దగ్గర పాప లేచి ఉంటుంది. సాయంత్రం పాలు నా చేతి నుంచి తప్ప తాగదు. తాగిందో లేదో నాకు ఇక్కడికి తెలిసే దారి లేదు.

"తిప్పు ముత్యాలయ్యా," అన్నాను.

అతను గెడ బురదలో గుచ్చి, ఒళ్ళంతా దాని మీద వేసి తోశాడు. నావ తిరిగింది. హెబ్రోను గారు పుస్తకం చేతిలో పట్టుకుని నావలో లేచి నిలబడ్డారు, పడిపోతారు కూర్చోండి అన్నా వినలేదు. దూరంగా ఇసుక మీద చేపలు తెల్లగా మెరుస్తున్నాయి. పేరమ్మ అక్కడ లేదు.